కొబ్బరాకు కొలత

కిందటి నెలలో నా ఎడమ చెయ్యి వాచింది. డాక్టరుగారు చూసి, ముందు ఆ ఉంగరం తీయించుకుని రండి, మందు సంగతి తరవాత చూద్దాం అన్నారు. సబ్బు రాశాం, కొబ్బరినూనె రాశాం, మా ఆవిడ తనకి తెలిసిన దేవుళ్లందరినీ పిలిచింది. రాలేదు. చివరికి అమలాపురంలో కొత్తగా పెట్టిన ఏసీ నగల షాపుకి వెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడొకడు వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, "కట్ చేసెయ్యాలి సార్" అన్నాడు. చిన్న రంపపు చక్రం ఉన్న మిషనొకటి తెచ్చి నిమిషంలో కోసేశాడు. రవ్వ చెడకుండా వెనకవైపు కోశాడు, పనిమంతుడే. విచ్చుకుపోయిన ఉంగరాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి నా చేతికిచ్చాడు.

మెట్లు దిగుతుంటే, పెద్దాయన ఉండి ఉంటే నూలుపోగుతో తీసేవారు కదా అనిపించింది. ఆయన పోయి ముప్పై అయిదేళ్లు దాటింది. ఆ ఉంగరం పెట్టుకున్నందుకు రోజూ గుర్తు రావలసిన మనిషే. నేనే రానివ్వలేదు.

ఆయన పేరు రాయను. మేం పనిచేసిన నగల షాపులో కూడా ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. షావుకారుగారు "ఏవయ్యా" అనేవారు. మేం పెద్దాయన అనేవాళ్లం. కొనడానికి వచ్చేవాళ్లు ఉంగరాలాయన అనేవారు. డెబ్బైలలో అమలాపురం మెయిన్ రోడ్డులో మాదే పెద్ద షాపు. బొంబాయి నుంచి రవ్వలు తెప్పించి కట్టించే షాపు కోనసీమ మొత్తానికి మాదొక్కటేనని షావుకారుగారు చెప్పుకునేవారు. ఎదురుగా ఉన్న షాపు వాళ్లూ అదే మాట చెప్పుకునేవారనుకోండి. నేను ముందు కౌంటర్లో ఉండేవాణ్ని. ఆయన లోపల, కిటికీ పక్కన, పీట మీద. గొలుసులు, గాజులు చేసేవాళ్లు వేరే ఉన్నారు. ఉంగరాలు మాత్రం ఆయనే చెయ్యాలి, రవ్వలు ఆయనే పొదగాలి.

మనిషి ఎదురైతే ఆయన మొహం చూసేవారు కాదు, చెయ్యి చూసేవారు. ఒకసారి ఇద్దరం రావులపాలెం బస్సులో వెళుతున్నాం. పక్క సీటాయన పలకరిస్తే ఎవరో ఏమిటో తెలియక తికమకపడ్డారు. కండక్టరు దగ్గర టిక్కెట్టు తీసుకోవడానికి ఆ మనిషి చెయ్యి చాపగానే మాత్రం మొహం వెలిగిపోయింది. "మీరా అండీ! మీది నేను చేసిందేనండీ. పైన మూడు రాళ్లు పెట్టించుకున్నారు. మధ్య రాయి కాస్త పసుపు చాయ" అన్నారు. అవతలాయనకి ఆ పసుపు చాయ సంగతి అప్పటిదాకా తెలీదు. ఊరు వచ్చేదాకా వేలు చూసుకుంటూనే కూర్చున్నాడు.

ఎండన పడి వచ్చినవాళ్లకి ఆయన కొలత తీసేవారు కాదు. మంచినీళ్లిచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టమనేవారు. "మీరొక్కరే నడిచి రాలేదు కదండీ, వేళ్లు కూడా నడిచొచ్చేయి. కాసేపు కూచోనివ్వండి" అనేవారు. ఆ కాసేపట్లో కొందరు మనసు మార్చుకుని వెళ్లిపోయేవారు. షావుకారుగారు లోపల్లోపల ఉడికిపోయేవారు. నెల తప్పిన ఆడపిల్ల ఎవరైనా వస్తే, పురుడయ్యాక రమ్మని మొహం మీదే చెప్పేసేవారు. డబ్బు చేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లని వెనక్కి పంపే పనివాణ్ని ఆ ఒక్కణ్నే చూశాను నేను.

రవ్వ పొదిగేటప్పుడు రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చునేవారు. షావుకారుగారు పిలిచినా పలకరు. పొదగడం అయిపోయాక ఉంగరాన్ని వెంటనే ఇచ్చేవారు కాదు. గుప్పిట్లో పెట్టుకుని కొంచెంసేపు అలా కూర్చునేవారు. ఎందుకండీ అంటే, "చల్లగా పెడితే వేలు బెదురుద్దండీ" అనేవారు. ఆయన వేళ్లకి మాత్రం ఇత్తడి ఉంగరం కూడా లేదు. వేలికి ఏదన్నా ఉంటే చేతికి కొలత తెలియదట.

ఇరుక్కుపోయిన ఉంగరాలు తీయించుకోవడానికి కూడా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఒకసారి కపిలేశ్వరపురం లంకల్లో వంకాయ పండించే రైతొకాయన వచ్చాడు. పెళ్లినాటి ఉంగరం. మనిషి ఒళ్లు చేశాడు, ఉంగరం చెయ్యలేదు. వేలు నల్లబడుతోంది. పెద్దాయన సన్నటి నూలుపోగు తీసి, ఒక కొస ఉంగరం కిందనుంచి దూర్చి, మిగిలింది గోరు దాకా ఒత్తుగా చుట్టేశారు. తరవాత కిందనున్న కొస పట్టుకుని చుట్టు చుట్టుగా విప్పడం మొదలుపెట్టారు. విప్పుతున్నంతసేపూ వంగతోట గురించే అడిగారు. నీళ్లెన్ని తడులు పెడుతున్నారు, పుచ్చు ఎక్కువగా ఉందా, ముళ్లున్న రకమా లేనిదా. రైతు వంకాయల్లో పడిపోయాడు. ఇంతలో ఉంగరం పెద్దాయన అరచేతిలో ఉంది. కోసేస్తే తొందరగా అయిపోయేది కదండీ అన్నాను నేను, ఆ రైతు వెళ్లాక. "కొయ్యడం చేతకానోడి పనండీ" అన్నారు. నేను విన్నంతలో ఆయన ఒకరిని తీసిపారేసినట్టు మాట్లాడింది అదొక్కసారే.

ఇక అసలు సంగతికి వస్తాను. వాయిదా వేసే అలవాటు నాకు బాగా ఉంది.

పెళ్లి కుదిరిన పిల్ల నగల షాపుకి రావడం అప్పట్లో బాగుండేది కాదు. మగపెళ్లివారి తరఫున ఆడవాళ్లెవరో పిల్ల ఇంటికి వెళ్లినప్పుడు, పచ్చి కొబ్బరాకు సన్నగా చీల్చి, ఉంగరపు వేలికి చుట్టి, ముడివేసి తెచ్చేవారు. మా ప్రాంతంలో దేనికైనా ముందు చేతికి దొరికేది కొబ్బరాకే. అయితే ఆకు ఎండుతుంది. ఎండితే ముడి బిగుసుకుని చుట్టు తగ్గుతుంది. పెద్దాయన ఆ ఆకు చుట్టని వెలుతురులో పెట్టి, రంగు చూసి, గోటితో మడిచి, "కోసి నాలుగు రోజులైందండీ" అనేవారు. ఎంత తగ్గి ఉంటుందో ఆయనకి తెలుసు. అంత కలిపి చేసేవారు. ఏనాడూ తప్పలేదు.

రాజోలు వైపు, ఊరికి ఎడంగా ఉండే పేట నుంచి ఒకావిడ వచ్చింది. చిన్నతనంలో ఊడుపులకి వెళ్లిన చేతులు. భర్త బడిపంతులు, కొడుక్కి బ్యాంకులో ఉద్యోగం. కొడుక్కి అమలాపురం దగ్గర పిల్లనే, ఆస్పత్రిలో నర్సుని, ఖాయం చేసుకున్నారు. "మా పేటలో రవ్వ పెట్టిన ఉంగరం ఎవరికీ లేదండీ. చర్చిలో పాస్టరుగారు దీవించి ఇచ్చేటప్పటికి మా కోడలి ఉంగరంలో రవ్వ ఉండాలండీ" అంది. చేతిసంచిలోంచి బైబిలు తీసి, పేజీల మధ్య పెట్టుకొచ్చిన కొబ్బరాకు చుట్ట నా చేతికిచ్చింది. ఇచ్చి ఒక మాట చెప్పింది.

"ఎండుద్దని నేనే కాస్త వదులుగా చుట్టేనండీ. ఇంకేం కలపద్దని లోపలాయనకి చెప్పండి. మర్చిపోకండేం."

"ఆయ్, చెప్తానండీ" అన్నాను.

ఆ సమయంలో నా ముందు రైసు మిల్లు వారి కుటుంబం కూర్చుని ఉంది. నాలుగు రకాల నెక్లెసులు పరిచి ఉన్నాయి. నేను ఆవిడ పేరు కవరు మీద రాసి, ఆకు అందులో వేసి లోపలికి పంపించాను. ఆ మాట పంపలేదు. మరిచిపోయానని రాస్తే సగమే నిజం. పేట నుంచి వచ్చిన ఆవిడ మాట మా పెద్దాయనకి మోసుకెళ్లి చెప్పవలసినంత మాటని అప్పుడు నాకు అనిపించలేదు. అదీ సంగతి.

ఆవిడ వదులు కలిపింది. ఆయనా కలిపారు.

ఒంటి రవ్వ ఉంగరం. చూస్తే చూడాలనిపించేట్టు వచ్చింది. ఆవిడ వచ్చి, కవరు విప్పి, తను పెట్టుకోకుండా రెండు చేతులతో పట్టుకుని చూసుకుని పట్టుకెళ్లింది. పెళ్లయింది. చర్చిలోనే పిల్లకి వదులు తెలిసిందట. అత్తగారి ముచ్చట ఎందుకు చెడగొట్టాలని గుప్పిట బిగించి ఆ రోజంతా నెట్టుకొచ్చిందట. మర్నాడు అత్తవారింటికి వెళుతూ బోడసకుర్రు రేవులో పంటు ఎక్కారు. అప్పటికి అక్కడ వంతెన లేదు. ఎండ ఎక్కువగా ఉందని, మొహం మీద నీళ్లు చల్లుకుందామని ఆ అమ్మాయి పంటు అంచున వంగి చెయ్యి ముంచింది. ఉంగరం గోదావరిలో జారిపోయింది. పంటు మనుషులిద్దరు దూకి వెతికారు గానీ, ఆ పాయలో పడింది దొరకడమంటే మాటలా?

ఇదంతా మాకు ఎలా తెలిసిందంటే, నాలుగో రోజున పెళ్లికొడుకు పెదనాన్న షాపుకొచ్చాడు. ఉంగరం వదులైందని దెబ్బలాడడానికి రాలేదు. గొంతు తగ్గించి, "ఆ ఉంగరం అమ్మకానికని ఎవరన్నా తెచ్చేరా అండీ?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు విప్పి చెప్పాడు. ఉంగరం నీళ్లలో పడ్డం ఎవరూ కళ్లారా చూడలేదు. పిల్ల పుట్టింట్లో చదువుకునే తమ్ముడున్నాడు, పంటు ఎక్కించడానికి రేవు దాకా వచ్చాడు. వాడి చేతిలో పెట్టేసి నాటకమాడిందని ఇంట్లో ఆడవాళ్లు అంటున్నారట. పిల్ల అన్నం మానేసింది. పుట్టింటికి పంపెయ్యమని ఒకరిద్దరు పెద్దలు కూడా అంటున్నారట.

లోపల పీట చప్పుడైంది. కొనేవాళ్లున్నప్పుడు ముందు గదిలోకి ఎన్నడూ రాని పెద్దాయన వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయికి వదులైందా అండీ?" అన్నారు.

"వదులయ్యిందనే చెబుతోందండీ. ఎవరు నమ్ముతారండీ?"

మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను కూడా రమ్మన్నారు. "ఆవిడతో మాటాడింది మీరే కదండీ, ఇల్లు అడగడానికి తేలిగ్గా ఉంటుంది" అన్నారు. అప్పటికి నాకు ఆ మాట గుర్తొచ్చేసింది. నిజానికి ముందు రోజు పెదనాన్న నోట వదులన్న మాట రాగానే గుర్తొచ్చింది. పంటు మీద పక్కపక్కనే కూర్చున్నాం. చెప్పడానికి ఏటి వెడల్పంత సమయం ఉంది. ఆయన నీళ్లకేసి చూస్తున్నారు. నేను అవతలి గట్టుకేసి చూశాను.

ఇంటి ముందు అరుగు మీద పదిమంది దాకా చేరారు. పెళ్లికూతురు గుమ్మం లోపల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పెద్దాయన అరుగు మీద చాప వేయించుకుని కూర్చుని, "అమ్మా, ఓసారి ఇలా రండి" అన్నారు. ఆ అమ్మాయి వచ్చింది. కాసేపు కూర్చోమన్నారు, మంచినీళ్లు తాగమన్నారు. అక్కడ కూడా ఆయన పద్ధతి ఆయనదే. అందరూ విసుక్కునేదాకా ఆగి, అప్పుడు చొక్కా జేబులోంచి ఇత్తడి తీగ చుట్టొకటి తీశారు. ఆయన చేసిన ప్రతి ఉంగరానికీ సరిగ్గా అంతే కొలతతో ఒక తీగ చుట్టి, కవరులో వేసి దాచుకునేవారు. మాకు అదొక చాదస్తంలా ఉండేది.

ఆ తీగని అమ్మాయి వేలికి తొడిగారు. "చెయ్యి కిందికి దించండమ్మా" అన్నారు. దించింది. తీగ జారి ఆయన అరచేతిలో పడింది. మళ్లీ తొడిగారు, మళ్లీ పడింది. మూడోసారి పెళ్లికొడుకు పెదనాన్న చేత తొడిగించారు.

"చూసేరు కదండీ. నేను చేసిన ఉంగరం ఇంతే ఉందండీ. అది ఈవిడ వేలికి ఒక రోజంతా ఎలా ఆగిందో నాకు తెలవడం లేదు. ఈవిడ తప్పేం లేదండీ. నాదండీ తప్పు."

అప్పుడు అత్తగారు మొహం కందిపోయి లేచింది. "అదేటండీ, నేను చెప్పేను కదండీ! నేనే వదులుగా చుట్టేను, ఇంకేం కలపద్దని షాపులో మరీ మరీ చెప్పేను కదండీ!" అంటూ నా వైపు చెయ్యి చూపించబోయింది.

నేను నోరు తెరిచాను. చెబుదామనే తెరిచానో, అబద్ధమాడదామనే తెరిచానో ఇప్పటికీ నాకు తెలియదు.

పెద్దాయన ఆవిడ చెయ్యి పూర్తిగా లేవనివ్వలేదు. "ఆయ్, చెప్పేరండీ. ఆ మాట నాకు అందిందండీ. నేనే మర్చిపోయేను. పెద్దోణ్నయిపోయేను కదండీ" అన్నారు.

ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. అత్తగారు దగ్గరికి తీసుకుంది. మాకు టీలు వచ్చాయి. తిరుగు పంటులో ఆయన అంచున కూర్చుని చెయ్యి నీళ్లలో ముంచి, తీసి, వేళ్లని చూసుకున్నారు. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని నేను బిగుసుకుని కూర్చున్నాను. "ఈ పాటికి హోటల్లో భోజనం అయిపోయుంటదంటారా అండీ?" అన్నారు. అంతే.

షావుకారుగారు మంచివారే. బదులుగా మరో ఉంగరం షాపు తరఫున చేయించి పంపారు. కానీ పదిమందిలో షాపు పనివాడు తప్పు ఒప్పుకు రావడం ఆయనకి కొరుకుడు పడలేదు. మతిమరుపు వచ్చినవాడి చేతికి రవ్వలెలా ఇవ్వమంటావని నన్నే అడిగారు. ఆయనది తప్పు కాదండీ, ఆ మాట చెప్పనిది నేనండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాకప్పటికి ఇద్దరు పిల్లలు, షావుకారుగారికి నా మీద మంచి అభిప్రాయం. "మీ ఇష్టమండీ" అన్నాను.

పైఊరి నుంచి రవ్వలు పొదిగే కొత్త మనిషి వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. పెద్దాయన పీటేమో వెనకాల నూతి దగ్గరున్న సావిట్లోకి వెళ్లింది. తెగిన గొలుసులు అతకడం, పాత నగలకి మెరుగు పెట్టడం ఆయన పని. పోయేదాకా మళ్లీ రవ్వ ముట్టుకోలేదు.

ఆ మర్నాటి నుంచే ఒక కొత్త అలవాటు పట్టుకుంది ఆయనకి. నేను రిపేరుకి ఏ వస్తువు తీసుకెళ్లి ఇచ్చినా, చెవిదిద్దు శీల ఊడినా, గాజు సొట్టపోయినా సరే, అందుకుని, నా మొహం చూడకుండా, "ఇంకేమన్నా చెప్పేరా అండీ?" అని అడిగేవారు. "లేదండీ" అనేవాణ్ని. "ఆయ్" అనేవారు. రోజుకి ఏ పదిసార్లో. షాపులో మిగతావాళ్లకి అదొక వినోదమైపోయింది. టీ తెచ్చిన వాణ్ని కూడా ఆయన గొంతుతో "ఇంకేమన్నా చెప్పేరా అండీ?" అని ఆటపట్టించేవారు. నేను కూడా నవ్వేవాణ్ని. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు కదా.

ఆయన నన్ను సాధించడానికే అడిగారని చాలాకాలం అనుకున్నాను. అలా అనుకుంటే కోపం తెచ్చుకోవడానికి వీలుగా ఉండేది. కానీ ఆ గొంతులో సాధింపు ఎక్కడా లేదు. తలుపు తీసి పట్టుకుని, మనిషి బయటికి వస్తాడేమోనని నిలబడినట్టుండేది. ఎనిమిదేళ్లు నిలబడ్డారు.

ఈలోగా నేను మేనేజరునయ్యాను. షావుకారుగారు సంతోషించి ఒంటి రవ్వ ఉంగరం నా వేలికి తొడిగారు. కొత్త మనిషి చేసిందే. డిసెంబరు చలిలో పొద్దున్నే నేను షాపులో అడుగు పెట్టగానే స్టీలు రింగుల గుత్తితో కొలత తీసి, పదోవంతు కూడా తేడా ఉండదన్నాడు. ఉన్నది ఏ తేడా అయితేనేం, మొదటి రోజు నుంచీ బిగుతే. సాయంత్రం సావిట్లోకి వెళితే పెద్దాయన కళ్లు ముందు ఆ వేలి మీదే పడ్డాయి. తెగిన పట్టీ అందుకుని, అడగవలసింది అడిగారు. నేను చెప్పవలసింది చెప్పాను.

ఎనభైల మధ్యలో ఆయనకి జబ్బు చేసింది. కొత్తపేట దగ్గర వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. ఇంక లేవరని తెలిసి ఒక ఆదివారం బస్సెక్కాను. ఈసారి చెప్పాలనే వెళ్లాను. బస్సులో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ముందు ఆవిడ ఏమందో చెప్పాలి, తరవాత షావుకారుగారి దగ్గర నేను ఏమనలేదో చెప్పాలి. సిగ్గుగా ఉంటుంది, ఉండనీ అనుకున్నాను.

మంచం మీద సగమైపోయి ఉన్నారు. నన్ను చూసి నవ్వి, "చెయ్యి ఇలా ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. ఉంగరం చుట్టూ బొటనవేలితో తడిమారు.

"బిగుతుగా ఉందండీ."

"అలవాటైపోయిందండీ."

"మా కోడలు నూలుపోగు తెస్తుంది. తీసేద్దామా? నొప్పి ఉండదండీ."

"ఇప్పుడెందుకులెండి. మీరు కోలుకున్నాక చూద్దాం."

ఆయన నా వేలు వదల్లేదు. కోడలు వంటింట్లో టీ పెడుతోంది. గదిలో ఇంకెవరూ లేరు. ఆయన నా చేతికేసే చూస్తూ, "ఇంకేమన్నా ఉందా అండీ?" అన్నారు.

బస్సులో కూడదీసుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఎనిమిదేళ్ల అలవాటు వాటికంటే ముందొచ్చింది.

"లేదండీ" అన్నాను.

ఆయన మెల్లగా నా వేలు వదిలేశారు.

"ఆయ్" అన్నారు.